బైరాగి పారిపోయాడు, పండితుడు మిగిలాడు

కందుకూరి వీరేశలింగం 'రాజశేఖర చరిత్రము'లో ధవళేశ్వరంలోని పెద్దమనిషి ఇంటికి ఒక బైరాగి వస్తాడు. బంగారం చేసే విద్య తెలుసంటాడు. నమ్మించి, ఇంట్లో ఉన్న బంగారం తెప్పించుకుని, దానితో సహా మాయమవుతాడు. 1878లో 'వివేకవర్ధని'లో వరసగా వచ్చి 1880లో పుస్తకమైన ఈ నవలలో కుహనా విజ్ఞానం ఒక దొంగ వేషంలో కనిపిస్తుంది. ఆ బైరాగి మనసులో ఏముందని ఆరా తీయాల్సిన పని లేదు, తన విద్య బూటకమని అందరికంటే ముందు అతనికే తెలుసు. ఆ నవలలో చోటు దొరకని మనిషి ఇంకొకడున్నాడు. వింత సిద్ధాంతం చెబుతాడు, మనస్ఫూర్తిగా నమ్మి మరీ చెబుతాడు. తరవాతి నూటనలభై ఏళ్లలో మనకు ఎక్కువగా తారసపడింది ఇతనే.

ఇతన్ని మొదట శ్రద్ధగా పరిశీలించినవాడు మన మద్రాసు రాజధానిలోనే, మధురైలో 1806లో పుట్టాడు. పేరు అగస్టస్ డి మోర్గాన్, లండన్‌లో గణితాచార్యుడు. వృత్తానికి సమానమైన చతురస్రం గీశామనేవాళ్ల గురించీ, న్యూటన్‌ని తప్పుపట్టేవాళ్ల గురించీ ఆయన రాసినవి 1872లో, ఆయన పోయాక, పుస్తకంగా వచ్చాయి. వాళ్లలో లివర్‌పూల్ వ్యాపారి జేమ్స్ స్మిత్ ఒకడు. వృత్తం లెక్కల్లో వచ్చే 'పై' (π) విలువ సరిగ్గా మూడూ ఎనిమిదో వంతు అని అతని పట్టు. ఎవరెంత నచ్చజెప్పినా వినలేదు, పైపెచ్చు సొంత డబ్బు పోసి పుస్తకాలు అచ్చేయించాడు. బైరాగికి విద్య రాబడి తెచ్చింది, స్మిత్‌కి ఖర్చు తెచ్చింది. అందుకే రెండోవాడి మీద అనుమానం రాదు.

తెలుగు గడ్డ మీదికి ఇలాంటి నమ్మకం పడవెక్కి వచ్చింది. 1882 మే నెలలో దివ్యజ్ఞాన సమాజ స్థాపకులు బ్లావట్‌స్కీ, ఆల్కాట్ బకింగ్‌హామ్ కాలువ మీదుగా నెల్లూరు చేరి, గుంటూరు దాకా వెళ్లారు. 1885లో లండన్‌లోని అతీంద్రియ విషయాల పరిశోధక సంఘం బ్లావట్‌స్కీ అద్భుతాలు మోసమని తేల్చినా దివ్యజ్ఞాన సమాజం వాడిపోలేదు. 1908లో అనీబిసెంట్, లెడ్‌బీటర్ ఇద్దరూ దివ్యదృష్టితో పరమాణువు లోపలికి చూసి, హైడ్రోజన్‌లో 18 మూలకణాలు లెక్కపెట్టామని పుస్తకమే వేశారు. ఇంగ్లీషు చదివిన మన ప్లీడర్లూ మేష్టర్లూ అటు మొగ్గడానికి కారణం ఆ కణాలు కావనుకుంటాను. కచేరీలో రోజూ చులకనైపోయే మనిషికి, మీ పూర్వులకు అన్నీ తెలుసని ఒక తెల్లవాడి నోట వినడం ఎంత ఊరట! నా లెక్కలో ఈ చరిత్రకంతటికీ వేరు ఆ ఊరటలోనే ఉంది.

ఆ చులకన చేసిన గాయానికి మందు రెండు రకాలుగా వెతికారు. రాజమండ్రిలో 1922లో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పుట్టింది. రాజరాజ నరేంద్రుడి పట్టాభిషేకానికి తొమ్మిది వందల ఏళ్లు నిండిన సందర్భమది. తేదీ ఎలా తెలిసింది? కోరుమిల్లి తామ్రశాసనంలో శకవర్షం 944తో పాటు మాసం, తిథి, వారం చెక్కి ఉన్నాయి. గణితం వేస్తే 1022 ఆగస్టు 16, గురువారం వస్తుంది. వారం కుదరకపోతే ఎక్కడో పొరపాటుందని ఎవరైనా ఎత్తిచూపవచ్చు. ఆ మండలి పండితులకు స్వాభిమానం తక్కువేం కాదు, వాదులాటలూ తక్కువ కాదు. కానీ ఆ వాదులాటలకు రాగిరేకు తీర్పరి.

రెండో దారి విజయవాడలో కోట వెంకటాచలం గారిది. సంస్కృతం తెలిసినవారు, పురాణాల రాజవంశావళిని ఏళ్ల తరబడి తవ్విపోసినవారు. 1953లో ఇంగ్లీషులో వెలువరించిన గ్రంథానికి 'భారత కాలగణనలో కుట్ర' అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. అలెగ్జాండర్ కాలంనాటి చంద్రగుప్తుడు మౌర్యుడు కాదు, గుప్తవంశీయుడని ఆయన సిద్ధాంతం. దాంతో మౌర్య చంద్రగుప్తుడు క్రీ.పూ. 1534కీ, బుద్ధుడు క్రీ.పూ. 19వ శతాబ్దానికీ జరిగిపోయారు. 1793లో విలియం జోన్స్ ఆ చంద్రగుప్తుడు మౌర్యుడేనని చెప్పింది మొదలు అంతా దొరల పన్నాగమేనట. మరి అశోకుడి పదమూడో శిలాశాసనంలో అయిదుగురు గ్రీకు రాజుల పేర్లున్నాయి, వాళ్లంతా క్రీ.పూ. 3వ శతాబ్దంవాళ్లు. అశోకుణ్ణి పన్నెండు వందల ఏళ్లు వెనక్కి నెడితే వాళ్ల సంగతేమిటి? ఇక్కడే ఆయన పెట్టిన పేరు పనికొస్తుంది. కుట్ర అన్నాక ఎదురుసాక్ష్యమంతా కుట్రకు సాక్ష్యమే అవుతుంది. ఇందులో వంచన లేదు. తెలివికీ శ్రమకూ లోటు లేదు. ఆ శ్రమలో సగం కోరుమిల్లి రేకు లాంటిదాని మీద పెట్టి ఉంటే మనకు మంచి చరిత్రకారుడు దక్కేవాడు.

1952లో అమెరికాలో మార్టిన్ గార్డ్‌నర్ ఇలాంటివాళ్ల లక్షణాలు గుదిగుచ్చాడు. తాను మేధావిననుకోవడం, తోటివారంతా మూఢులనుకోవడం, తనను కావాలనే తొక్కేస్తున్నారనుకోవడం, పెద్దపెద్దవాళ్ల సిద్ధాంతాల మీదికే పోవడం, తను కల్పించిన పరిభాషలో రాయడం. జాబితా బాగుంది కానీ నాకు పూర్తిగా చాలదు. కాకినాడ పిఠాపురం రాజా కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పిన గోరాను 1933లో నాస్తిక భావాలకు ఉద్యోగం నుంచి తీసేశారు. తొక్కివేత ఆయన విషయంలో భ్రమ కాదు. ఊరందరికీ ఎదురు నిలబడటమూ ఉంది. తేడా ఎక్కడంటే, నిప్పుల మీద నడక దైవమహిమ కాదని చెప్పడానికి ఆయన ఉద్యమం బహిరంగంగా నిప్పుల గుండం పేర్చి ఎవరైనా నడవండని పిలిచింది. కాళ్లు కాలితే అందరిముందూ ఓడిపోయేదే.

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు విషయం ఇంకా ఆసక్తికరం. స్ప్రూ అనే పేగుజబ్బు ఆయన అన్నదమ్ములను బలిగొంది. తనకూ వస్తే ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో కోలుకున్నాడు. వింత సిద్ధాంతానికి ఇంతకంటే మంచి విత్తనం దొరకదు. బతికి బట్టకట్టినవాడు ఏం చెప్పినా లోకం వింటుంది. ఆయన ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పాడు, 1923లో అమెరికా వెళ్లాడు. 1945లో ఆయన నేతృత్వంలోని లెడర్లీ ప్రయోగశాల, స్ప్రూకు పనిచేసే ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. తనకు నయమైందన్న అనుభవాన్ని జవాబనుకోకుండా ప్రశ్నగానే ఉంచుకున్నాడు.

ఇక 2019 జనవరి. జలంధర్‌లో భారత సైన్స్ కాంగ్రెస్. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉపకులపతి జి. నాగేశ్వరరావు, రసాయనశాస్త్ర ఆచార్యులు, కౌరవులు టెస్ట్‌ట్యూబ్ బిడ్డలన్నారు, రావణుడికి 24 రకాల విమానాలుండేవన్నారు. నిజానికి పాత విమానాల ముచ్చట 1974లోనే ముగియాలి. 'వైమానిక శాస్త్రం' గ్రంథం ఇరవయ్యో శతాబ్దపు రచనేననీ, అందులోని యంత్రాలు ఎగరలేవనీ బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ పరిశోధకులు అయిదుగురు అప్పుడే తేల్చారు.

నాగేశ్వరరావు గారు అబద్ధమాడారని నేననను, నమ్మే చెప్పి ఉంటారు. తన ప్రయోగశాలలో ఒక విద్యార్థి ఇదే ధోరణిలో ఒక మూలకం కనుక్కున్నానని వస్తే నిదర్శనం చూపించమని ఆయనే అడిగేవారు. ఆ ప్రశ్న ఆయన్ని వేదిక మీదే అడిగి ఉండాల్సింది. దేశమంతటా శాస్త్రవేత్తలు నిరసన తెలిపారు, మంచిదే, అది సభ అయిపోయాక. తప్పులో పెద్ద వాటా అతిథి ఉపకులపతి కదా అని మొహమాటపడి చేతులు కట్టుకు కూర్చున్న మన చదువుకున్నవాళ్లది.