మూస్తేనే పలికే వెదురు

చైనావాళ్ల షెంగ్‌లో వెదురు గొట్టానికున్న రంధ్రాన్ని వేలితో మూస్తేనే ఆ గొట్టం పలుకుతుంది. తెరిచి ఉంచితే మౌనమే. పైగా ఊదినా పలుకుతుంది, ఊపిరి పీల్చినా పలుకుతుంది. ఈ ముక్క తెలిశాక నేను ఆ వాద్యాన్ని వదల్లేకపోయాను.

2014 ఆగస్టులో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో సియోల్ ఫిల్హార్మోనిక్ కచేరీ చేసింది. దెబ్యుస్సీ ‘లా మేర్’, చైకోవ్‌స్కీ ఆరో సింఫనీ. వాటితో పాటు ఉన్‌సుక్ చిన్ స్వరపరచిన ‘షు’. అందులో విద్వాంసుడు వూ వెయ్ చేతిలో ఉన్నది షెంగే.

అసలు ఇది సొరబుర్ర వాద్యం. పాత చైనావాళ్లు వాద్యం దేనితో చేశారన్నదాన్ని బట్టి నాదాలను ఎనిమిదిగా విడదీశారు: లోహం, రాయి, పట్టు, వెదురు, సొర, మట్టి, తోలు, చెక్క. సొర కోవలోదే షెంగ్. 1978లో హుబెయ్‌లో తవ్విన జంగ్ ప్రభువు యీ సమాధి క్రీ.పూ. 5వ శతాబ్దిది. అందులో 65 కంచు గంటల సరసన సొరబుర్రతో చేసిన షెంగ్‌లూ దొరికాయి.

ఆ కాలాన్ని వదిలి ముందుకు రాబుద్ధి కాదు. షెంగ్‌కు పెద్దన్నలాంటి యూ అనే వాద్యం ఉండేది. చీ రాజ్యంలో సూయెన్ రాజుకు 300 మంది కలిసి యూ ఊదితేనే ఇష్టమట. నాన్‌గువో అనేవాడు ఊదడం రాకపోయినా ఆ గుంపులో చేరి జీతం తిన్నాడు. సూయెన్ తరువాత వచ్చిన మిన్ రాజు ఒక్కొక్కరినీ విడిగా వాయించమన్నాడు. అంతే, నాన్‌గువో పరారు. తాత్త్వికుడు హాన్ ఫెయ్ చెప్పిన ఈ కథ చైనాలో నేటికీ సామెత. మరి ఆర్కెస్ట్రా ముందు ఒంటరిగా నిలబడి ఊదే షెంగ్ విద్వాంసుడికి రోజూ మిన్ రాజు పరీక్షే కదా!

ఆ యూ చైనా గొంతులోంచి జారిపోయింది. 8వ శతాబ్దినాటి యూలు జపాన్‌లోని నారా షోసోయిన్ భాండారంలో మూగగా ఉన్నాయి. షెంగ్ మిగిలిందిగానీ దాని సొరబుర్ర పోయింది; మొదట చెక్క వచ్చింది, తరువాత లోహం. లోహం గట్టిదే, కాదనను. కానీ పాదుకు కాసిన కాయ వాద్యమైన ఆ ముచ్చట పోయిందే అని నాకు దిగులు.

18వ శతాబ్దిలో బీజింగ్‌లో ఉన్న ఫ్రెంచి జెసూట్ ఆమియో షెంగ్‌లను పారిస్‌కు పంపాడు. వాటిలో చట్రంలో స్వేచ్ఛగా ఊగే లోహపు నాలుక, అంటే రీడు, ఐరోపాలో చాలామందిని పట్టేసింది. 1829లో వియన్నాలో డెమియన్ అకార్డియన్‌కూ, 1842లో పారిస్‌లో దెబాఁ హార్మోనియానికీ పేటెంట్లు తీసుకున్నారు. ఆ హార్మోనియమే కలకత్తాలో చేతి పెట్టెగా మారి, మన పద్యనాటకాల్లో నటుడు రాగం తీస్తుంటే పక్కనే శ్రుతి పట్టుకుని కూర్చుంది.

శ్రుతి తప్పితే షెంగ్ రీడు మీద మైనం బొట్టు అద్దుతారు. మన హార్మోనియం మేస్త్రీ రీడునే ఆకురాయితో మెల్లగా గీకుతాడు.