గిట్ చిక్కుముడి ఎక్కడ పడింది?

2005 ఏప్రిల్‌లో లినక్స్ కెర్నెల్ రాసేవాళ్లకు ఇబ్బంది వచ్చిపడింది. 2002 నుంచి వాళ్లు కోడ్ మార్పులను బిట్‌కీపర్‌లో భద్రపరుస్తున్నారు. అది ఒక కంపెనీ సొత్తు. వీళ్లకు ఉచితంగా ఇచ్చేవారు. ప్రోగ్రామర్ ఆండ్రూ ట్రిడ్జెల్ దాని లోగుట్టు ఛేదించబోవడంతో కంపెనీ ఆ వెసులుబాటు తీసేసింది. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఏప్రిల్ 3న గిట్ అనే సొంత పరికరం మొదలుపెట్టారు. 7వ తేదీకల్లా గిట్ తన కోడ్‌ను తానే దాచుకునే స్థితికి వచ్చింది.

అంతకుముందు ఇలాంటివి లేకపోలేదు. 1972లోనే బెల్ ల్యాబ్స్‌లో మార్క్ రోచ్‌కిండ్ ఎస్‌సీసీఎస్ రాశారు. తర్వాత ఆర్‌సీఎస్, సీవీఎస్, సబ్‌వర్షన్ వచ్చాయి. సీవీఎస్, సబ్‌వర్షన్‌లలో చరిత్రంతా ఒకే సర్వర్‌లో ఉండేది. గిట్ దాన్ని ప్రతి ప్రోగ్రామర్ చేతికీ ఇచ్చింది, అదీ మెరుపు వేగంతో.

వెనకబడింది వాడుక సౌలభ్యమే.

టోర్వాల్డ్స్ ముందుగా రాసింది లోపలి యంత్రాంగం. మామూలుగా వాడుకునే కమాండ్లు దానిమీద ఎవరైనా కట్టుకుంటారనుకున్నారు. అవి ఒక ప్రణాళిక లేకుండా ఒక్కొక్కటిగా వచ్చి చేరాయి. ‘చెకవుట్’నే చూడండి. దాని పక్కన బ్రాంచి (కోడ్‌లో సమాంతరంగా సాగే దారి) పేరు కొడితే ఆ బ్రాంచికి మారుతుంది. ఫైలు పేరు కొడితే అందులో కొత్తగా చేసిన మార్పులను మారుమాట లేకుండా చెరిపేస్తుంది. స్టేజ్ (కమిట్ కోసం సిద్ధం) గానీ కమిట్ (చరిత్రలో నమోదు) గానీ చేయని పని గిట్ దగ్గర ఎక్కడా ఉండదు కనుక పోయింది పోయినట్టే. ఈ రెండు పనులనూ ‘స్విచ్’, ‘రిస్టోర్’ అని విడదీయడానికి 14 ఏళ్లు పట్టింది. 2019 ఆగస్టులో 2.23 వెర్షన్‌తో అవి వచ్చాయి. పాత కమాండ్‌ను మాత్రం తీసేయలేదు. దాన్ని నమ్ముకున్న స్క్రిప్టులు లెక్కలేనన్ని.

ప్రత్యామ్నాయాలూ పుట్టాయి. ఎస్‌క్యూలైట్ సృష్టికర్త రిచర్డ్ హిప్ ఫాసిల్ రాశారు. ఎంఐటీ పరిశోధకులు గిట్ భావనలనే సరిదిద్ది గిట్‌లెస్ చేశారు. ఇప్పుడు ఆశ కలిగిస్తున్నది జుజుత్సు. గూగుల్ ఇంజనీరు మార్టిన్ వాన్ జ్వైగ్‌బర్గ్ 2019లో సొంత సరదాతో మొదలుపెట్టారు. ఇందులో స్టేజింగ్ లేదు. ఏ కమాండ్ కొట్టినా అప్పటివరకూ చేసిన పని ముందు కమిట్‌లోకి చేరుతుంది. తప్పు జరిగితే ‘అన్‌డూ’ అంటే చాలు. కింద నిల్వంతా గిట్‌లోనే కాబట్టి టీమ్‌లో మిగతావాళ్లు ఏమీ మార్చుకోనక్కర్లేదు.

గిట్‌తో తంటాలు పడే కొత్త ప్రోగ్రామర్ తన తెలివిని అనుమానించుకోనక్కర్లేదు. పాఠం చెప్పేవాళ్లు ‘చెకవుట్’ పక్కన పెట్టి ‘స్విచ్’, ‘రిస్టోర్’లతో మొదలుపెడితే సగం భయం మొదటి రోజే తీరుతుంది.