బ్రౌన్ అంటే ఏ బ్రౌన్?

బ్రౌన్ అనేది ఇంగ్లీషువాళ్లలో బాగా కనిపించే ఇంటిపేరు. జుట్టు రంగునో, ఒంటి ఛాయనో బట్టి పూర్వం వచ్చిన పేరిది. మనలో షేక్, పఠాన్ అన్నవాళ్లంతా ఒకే కుటుంబం కానట్టే, బ్రౌన్‌లంతా బంధువులు కారు. ఈ పేరుతో ప్రసిద్ధులైన కొందరి వివరాలు:

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ (1798–1884): తెలుగువాళ్లు 'బ్రౌన్ దొర' అనేది ఈయన్నే. కలకత్తాలో పుట్టారు. 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చారు. పశ్చిమ ప్రకాశంగా చెప్పుకుంటూ వచ్చిన రాచర్ల, గిద్దలూరు, కంభం ప్రాంతం అప్పట్లో కడప జిల్లా కిందే ఉండేది. సొంత డబ్బుతో పండితులను పెట్టుకుని తాళపత్రాలు వెతికించి, శుద్ధప్రతులు రాయించారు. 1829లో వేమన పద్యాలు అచ్చువేయించారు. 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు తెచ్చారు.

ఫారసీ, హిందుస్తానీ కూడా వచ్చిన బ్రౌన్, తెలుగులో కలిసిపోయిన అరబ్బీ, ఫారసీ, ఉర్దూ మాటలను వదిలేయలేదు. వాటి కోసం 1854లో 'మిశ్రభాషా నిఘంటువు' వేరేగా అచ్చువేశారు. రాచర్ల తహసీల్దారుకు ఓ రైతు అర్జీ పెట్టుకున్నాడు అంటే ఎవరికీ నిఘంటువు అక్కర్లేదు. కానీ తహసీల్దారు, రైతు, అర్జీ మూడూ అరబ్బీ, ఫారసీల నుంచి వచ్చినవే. కడపలో ఆయన బంగళా ఉన్నచోటే ఇప్పుడు సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం, గ్రంథాలయం నడుస్తున్నాయి.

పెర్సీ బ్రౌన్ (1872–1955): కలకత్తా ప్రభుత్వ చిత్రకళాశాల ప్రిన్సిపాల్. భారతదేశంలోని ఇస్లామీ కట్టడాలపై పెద్ద గ్రంథం రాశారు. అందులో గుల్బర్గా, బీదర్, గోల్కొండ కట్టడాల గురించీ ఉంది.

రాబర్ట్ బ్రౌన్ (1773–1858): స్కాట్లాండ్ వృక్షశాస్త్రవేత్త. సైన్సు పాఠాల్లో వచ్చే 'బ్రౌనియన్ చలనం' ఈయన పేరు మీదే ఉంది. 1827లో పుప్పొడి రేణువులను నీళ్లలో వేసి చూస్తూ గమనించారు.

జాన్ బ్రౌన్ (1800–1859): అమెరికాలో బానిసత్వాన్ని ఎదిరించి ఆయుధం పట్టిన వ్యక్తి. ఉరి తీశారు.

గోర్డన్ బ్రౌన్ (1951లో జననం): 2007 నుంచి 2010 దాకా బ్రిటన్ ప్రధాని.

ఎడ్వర్డ్ గ్రాన్‌విల్ బ్రౌన్ (1862–1926): కేంబ్రిడ్జ్ ఆచార్యుడు. ఫారసీ సాహిత్య చరిత్రను నాలుగు సంపుటాల్లో రాశారు. ఈయన పేరు చివర ఇంగ్లీషులో 'ఇ' అక్షరం అదనంగా ఉంటుంది. తెలుగులో రాస్తే ఆ తేడా తెలియదు కాబట్టి, పుస్తకం వెతికేవాళ్లు పూర్తి పేరు చూసుకోవాలి.