షా గారి నల్లని గడ్డం

పర్షియాను 1797 నుంచి 1834 వరకు ఏలిన ఫత్ అలీ షాకు తన నిలువెత్తు తైలవర్ణ చిత్రాలంటే మహా మక్కువ. మీర్జా బాబా, మెహర్ అలీ వంటి ఆస్థాన చిత్రకారులు వాటిని గీశారు. నడుము దాకా దిగిన నల్లని గడ్డం, సన్నని నడుము, ఒంటినిండా రత్నాలు. ఏ పటం చూసినా ఇంచుమించు అదే రూపం.

ఈ గడ్డానికో కథ ఉంది. ముందు ఏలిన పెదతండ్రి ఆగా మహమ్మద్ ఖాన్‌ను బాల్యంలోనే శత్రువులు నపుంసకుణ్ణి చేశారు. ఆయనకు గడ్డమూ లేదు, సంతానమూ లేదు. అందుకే వంశం నిలిచిందని ఈ పటాలు లోకానికి చాటాయనుకోవచ్చు. ఒక పటం నెపోలియన్‌కు కానుకగా కూడా వెళ్లింది.

ఇంతలో రష్యాతో యుద్ధాలు వచ్చాయి. 1813, 1828 సంధులతో కాకసస్ ప్రాంతాలు చేజారాయి. రాజ్యం తరిగినా, పటంలో రత్నాలు మాత్రం తరగలేదు. ఆ బొమ్మలు చూసేటప్పుడు ఆ రెండు సంవత్సరాలనూ గుర్తుంచుకోవాలి.