పల్లెలకు పోలీసు వైర్‌లెస్: మాట దూరం చేరాలంటే

1999 అక్టోబరు 29న ఒడిశాను తాకిన పెనుతుపానులో టెలిఫోను సంబంధాలు తెగి ఎన్నో గ్రామాలు ఒంటరివయ్యాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ధాటికి విశాఖపట్నంలో సెల్‌ఫోన్లు చాలావరకు మూగవోయాయి. ఇటువంటి వేళ సహాయక సిబ్బందికి మిగిలే ఆధారం వైర్‌లెస్. అదీ ముందుగా సిద్ధపరచి ఉంచినప్పుడే.

పోలీసుల చేతి సెట్లు సాధారణంగా వి.హెచ్.ఎఫ్. తరంగాలపై పనిచేస్తాయి. ఇవి దాదాపు సరళరేఖలో సాగుతాయి కనుక కొండ అడ్డువస్తే మాట అందదు. భూమి వంపును బట్టి లెక్కిస్తే, మైదానంలో నిలిచిన మనిషి చేతిలోని సెట్టుకు హద్దు సుమారు 5 కిలోమీటర్లు. 100 మీటర్ల ఎత్తులోని యాంటెన్నాకు సుమారు 41 కిలోమీటర్లు. అందువల్ల సెట్టు శక్తిని పెంచడం కంటె యాంటెన్నా ఎత్తును పెంచడమే ఎక్కువ ఫలప్రదం.

కొండపై నెలకొల్పే రిపీటరు ఈ పనే చేస్తుంది. ఒక పౌనఃపున్యంపై అందుకున్న మాటను అదే క్షణంలో మరొక పౌనఃపున్యంపై ప్రసారం చేస్తుంది. కరెంటు పోయినా అది పనిచేయాలంటే బ్యాటరీలు, సౌరఫలకాలు, పిడుగుల నుండి రక్షణ అవసరం.

సరిహద్దు ప్రాంతాలకు మరొక చిక్కు ఉన్నది. రాష్ట్రాల పోలీసులు వేర్వేరు చానళ్లు వాడుతారు. శ్రీకాకుళం, గంజాం జిల్లాలు ఒకే తీరాన ఉన్నా, ఒకరి పిలుపు మరొకరి సెట్టులో నేరుగా వినబడదు. రాష్ట్రాల మధ్య ఈ సమన్వయానికై కేంద్ర హోంశాఖ కింద 1946 నుండి ఒక పోలీసు వైర్‌లెస్ డైరెక్టరేటు ఉన్నది. అయితే ఇరువైపుల ఠాణాలకు ఉమ్మడి చానలు, వారంవారం పరీక్షా సంభాషణ, రెండు భాషలూ తెలిసిన ఆపరేటరు ఉన్నప్పుడే ఆపదలో ఆ మాట అక్కరకు వస్తుంది.