చేవ్రాలు చేయకమున్ను

భద్రాచల ప్రాంతమున భూమి కొనఁగోరువారు విక్రయపత్రమును ముమ్మాఱు చదివినఁ జాలునని తలఁతురు. చాలదు. పత్రముకంటె ముందు ఆ గ్రామచరిత్రమును చదువవలెను.

గోదావరి యెడమగట్టునఁ గల భద్రాచలము 1959 వఱకు తూర్పుగోదావరి జిల్లాలోనిది. కుడిగట్టు సీమ 1948 వఱకు నిజామేలుబడిలోనిది. అప్పునకై వేసిన వేలిముద్రలతో ఏజెన్సీవాసుల పొలములు వర్తకుల పాలగుచుండఁగా, 1917లో చెన్నపురి ప్రభుత్వము వడ్డి నూటికి 24 మించరాదనియు, ఏజెంటుగారి లిఖితానుమతి లేక కొండజాతివారు ఇతరులకుఁ జేసిన విక్రయము చెల్లదనియు శాసించెను. దానికి బదులు వచ్చిన 1959 నాఁటి నిబంధనము 1963లో తెలంగాణపు షెడ్యూల్డు గ్రామములకును వర్తించెను. 1970 నాఁటి సవరణము (జనులు ‘వన్ ఆఫ్ సెవెంటీ’ యందురు) మఱింత ముందునకుఁ బోయెను. గిరిజనేతరుఁడు గిరిజనేతరునికి అమ్మినను చెల్లదు. అట్టివాని చేతనున్న భూమి గిరిజనునినుండి వచ్చినదిగానే యెంచఁబడును. కాదని నిరూపించు భారము వానిదే.

ఇది కఠినమని మొఱపెట్టినవారు కలరు. సుప్రీముకోర్టు 1988లో ఆ మొఱను త్రోసివైచెను. మాకును అదియే న్యాయముగాఁ దోఁచుచున్నది.

మే మెఱిఁగిన యొక గృహస్థు తెల్లకాగితముపై వ్రాయించుకొని తన పెన్షను సొమ్మంతయు నిచ్చెను. పత్రమున నొక్క యక్షరమైనఁ దప్పు లేదు. ఊరు మాత్రము షెడ్యూల్డు గ్రామము. అమ్మినవాఁడు కోయ కాఁడు. కాని నాఁడు ఆ మడిలోఁ గూలికి నాట్లు వేయుచున్న కోయ ముసలమ్మ తండ్రిదే యా పొలము. ఆమె నడిగినవారు లేరు.