బ్రేకుల్లేని విమానం నుంచి పార్కింగ్ బ్రేకు దాకా

1931లో తొలిసారి ఎగిరిన టైగర్ మాత్‌కు పార్కింగ్ బ్రేకు మాట అటుంచి, అసలు బ్రేకులే లేవు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో మన బేగంపేటలోనూ కుర్రాళ్లు దీనిమీదే ఎగరడం నేర్చారు. దిగాక వేగం తగ్గించేది తోక కింది స్కిడ్. గడ్డినేలను గీరుకుంటూ పోయేది. ఇంజను స్టార్ట్ చేసేటప్పుడు విమానాన్ని ఆపి ఉంచేవి చక్రాల ముందు పెట్టిన చెక్క దిమ్మలు. ఎదురుగా ఒకతను నిలబడి ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పేవాడు. ఇంజను అందుకున్నాక విమానం అతని మీదికి రాకుండా ఉందంటే ఆ దిమ్మల పుణ్యమే.

సిమెంటు రన్‌వేలొచ్చి ఈ పద్ధతికి కాలం చెల్లింది. సిమెంటు మీద స్కిడ్‌కు పట్టు దొరకదు, పైగా అరిగిపోతుంది. తోకకూ చక్రం పెడితే గీరేది పోయినట్టే, బ్రేకులు ఇక తప్పవు. కెనడాలో తయారైన టైగర్ మాత్‌లకు ఈ రెండూ ఉన్నాయి.

అక్కడే పుట్టి 1946లో ఎగిరిన చిప్‌మంక్‌లో పైలట్ చేతికందేలా ఒక లివర్ ఉంటుంది. కొన్ని పళ్లు మాత్రమే లాగి ఉంచితే, రడ్డర్ తొక్కిన వైపు చక్రానికి బ్రేకు పడి విమానం అటు తిరుగుతుంది. పూర్తిగా లాగితే అదే పార్కింగ్ బ్రేకు. ముచ్చటైన ఏర్పాటే, కానీ పైకి లేవబోయే ముందు లివర్ పూర్తిగా వదిలామో లేదో చూసుకోకపోతే కొంప మునుగుతుంది.

పాత సెస్నా విమానాల దారి వేరు. పిడి లాగాలి, పెడళ్లు తొక్కి వదలాలి, ఆపైన పిడి వదలాలి. తొక్కినప్పుడు మాస్టర్ సిలిండర్‌లోకి దిగిన కడ్డీని ఒక లాక్ వెనక్కి రానివ్వదు. బ్రేకు ఆయిల్ ఒత్తిడి లోపలే చిక్కుబడుతుంది. మళ్లీ తొక్కితే లాక్ ఊడుతుంది.

తంటా అంతా ఆ ఆయిల్‌తోనే. కారు హ్యాండ్‌బ్రేకులో సాధారణంగా ఇనుప తీగే బ్రేకును నేరుగా లాగి పట్టుకుంటుంది. ఇక్కడ పట్టుకునేది చిక్కుబడ్డ ఆయిల్. ఎండకు అది వ్యాకోచిస్తే ఒత్తిడి పెరుగుతుంది, చల్లబడితే తగ్గుతుంది. సీలు దగ్గర కాస్త కారినా పట్టు సడలుతుంది. అందుకే ఎక్కువసేపు వదిలి వెళ్లేవాళ్లు దాన్ని నమ్ముకోరు, రెక్కలను తాళ్లతో నేలకు కట్టేస్తారు. బాగా వేడెక్కి ఉన్న బ్రేకులకు పార్కింగ్ బ్రేకు వేయొద్దని సెస్నా మాన్యువళ్లే చెబుతాయి. గడ్డకట్టే చలిలోనూ వద్దంటాయి: బ్రేకుల్లో చేరిన తేమ మంచుగా మారిందంటే, లాక్ ఊడినా చక్రం కదలదు.